గోపమ్మ పేరు మీద నేను పెట్టిన సంతకం

మా అక్క గోపమ్మ గురించి అడిగితే మా ఊరివాళ్ళు తలరాత అంటారు. రాసిన చెయ్యి ఎవరిదో తెలిసినప్పుడు దాన్ని తలరాత అనరు. ఆ చెయ్యి నాది.

మేము కురుమలం. తిరుమలగిరికి ఆరు మైళ్ళ దూరంలో మా ఊరు. మా నాయిన బీరప్పకు అరవై గొర్రెలు, ఇద్దరం ఆడపిల్లలం. అక్క పెద్దది, మంద వెంట పోయింది. నేను చిన్నదాన్ని, ఇంటి దగ్గర ఉన్నాను. వెట్టి వద్దని దొరల మీద కొట్లాడే సంఘంవాళ్ళు మా వాడకు వచ్చి అక్షరాలు నేర్పిన రోజులవి. అక్క ఎండలో కర్ర పట్టుకుని తిరుగుతుంటే నేను నీడలో కూర్చుని పలక పట్టాను. నా గొప్ప ఇంతే. కానీ మా వాడ ఆడవాళ్ళలో పేరు రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే అయ్యేసరికి నా మెడ వంగడం మానేసింది.

ఇద్దరినీ ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు. అక్క మొగుడు ఎల్లేశం మంచివాడు, తాగి కొట్టేవాడు కాదు. మూడెకరాల చెలక, ఒక మోటబావి అతని పేరు మీద ఉండేవి. యాభై ఎనిమిదిలో వానలు లేక మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయాడు. అక్కడే జ్వరం తగిలి పోయాడు. అక్క ఒడిలో అప్పటికి మూడేళ్ళ ఆడపిల్ల.

ఎల్లేశం అన్న పర్వతాలు అప్పుడు రెండు పనులు చేశాడు. తమ్ముని చెలక ఉమ్మడిదనీ, తనకే చెందాలనీ తాలూకా కచేరీలో దరఖాస్తు పెట్టాడు. ఇంట్లోనేమో ఆచారం ఎత్తుకున్నాడు. మూడు అమాసలు పోయేదాకా మొగుడు పోయిన ఆడది గడప దాటకూడదని వాళ్ళింట్లో పద్ధతట. వాళ్ళమ్మ ముండమోసినప్పుడు రెండోవారమే కలుపుకు పోవడం నా కళ్ళతో చూశాను. ఆ మాట అంటే, పెద్దల ఇంటి సంగతి నీకెందుకన్నాడు.

కచేరీ నుంచి కాగితం వచ్చింది. చెలక తన మొగునిదేననీ, తానే వారసురాలిననీ గోపమ్మ నెలలోగా నోటరీ ముందర ఒట్టు పెట్టి కాగితం దాఖలు చేయాలి, లేకపోతే పర్వతాలు మాటే ఖాయం. నోటరీ అంటే సర్కారు ముద్ర చేతికిచ్చిన వకీలు. అట్లాంటాయన మాకు దగ్గరలో ఎవరూ లేరు, నల్లగొండ పోవాలి. నెల అంటే మొదటి అమాస దాటి రెండోది రాకముందే గడువు అయిపోతుంది. పర్వతాలు ఈ లెక్క చూసుకునే గడప పేరెత్తాడని నాకు తర్వాత అర్థమైంది.

నాయిన అతని దగ్గరికి పోయి ఒక్కనాడు పంపమని బతిమాలాడు.

“నేను వద్దంటనా మామా? ఆచారం తప్పి మందకు రోగమొస్తే నీ గొర్లు, నా గొర్లు అని చూడదు. గప్పుడు ఊరికి జవాబు నువ్వు చెప్తవా?” అన్నాడు పర్వతాలు.

నాయినకున్నవి ఆ అరవై గొర్రెలే. తలగుడ్డ దులుపుకుని వచ్చేశాడు.

అక్క బదులు నేను పోతానన్నది నేనే. ఎవరికీ అది తప్పనిపించలేదు. మా చిన్నప్పుడు దొర గడికి వెట్టికి మా ఇంటి నుంచి ఒక ఆడమనిషి పోవాలి. అక్కకు జ్వరమొస్తే నేను పోయేదాన్ని, నాకు ఒళ్ళు బాగలేకపోతే అమ్మ పోయేది. వచ్చినది ఎవరని దొర ఏనాడూ అడగలేదు. ఇంటికొక మనిషి లెక్క. సర్కారు కూడా అట్లాగే చూస్తుందనుకున్నాం. చెలక అక్కది, మాట నిజం, ఒట్టు నిజం. నోరు ఎవరిదైతే ఏమి? అక్క కూడా అదే అన్నది. “ఒక్క కడుపున పుట్టినం. నువ్వు పోతే నేను పోయినట్టే.”

నాయిన, నేను తిరుమలగిరి దాకా నడిచి బస్సెక్కాం. నల్లగొండలో ఆ వకీలు ఇంటి అరుగు మీద పదిమంది దాకా ఉన్నారు. ఒక గుమాస్తా స్టాంపు కాగితం మీద అంతా రాసి చదివి వినిపించాడు. వకీలు అద్దాలు సర్దుకుని, ఈ మనిషి గోపమ్మేనా, నీకు ఎట్లా ఎరుక అని నాయినను అడిగాడు.

“నా బిడ్డ సారూ,” అన్నాడు నాయిన.

అంతకుమించి చెప్పలేదు. వకీలుకు అది చాలింది.

మాకు ముందర ఒక ముసలమ్మ వేలిముద్ర వేసింది. గుమాస్తా ఆమె బొటనవేలిని మేక కాలు పట్టినట్టు పట్టి, సిరాలో అద్ది, కాగితానికి ఒత్తి, చెయ్యిని అవతలికి తోశాడు. ముఖం కూడా చూడలేదు. తర్వాత నా చెయ్యి కోసం చాచాడు. సిరా డబ్బా మూత తీసే ఉంది. నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది. నేను ఎవరి పేరు మీద వచ్చానో ఆ నిమిషం మరిచిపోయాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

“ఏలెందుకు? నాకు సంతకం వస్తది,” అన్నాను.

వకీలు తలెత్తి చూశాడు. తన కలం తానే అందించాడు. గోపమ్మ అని గుండ్రంగా, ఒత్తు తప్పకుండా రాశాను. శభాష్, ఆడవాళ్ళు ఇట్లా ఉండాలె అన్నాడాయన. ముద్ర పడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు కూర్చునే జాగా దొరకలేదు, అయినా కాళ్ళు నొయ్యలేదు.

ఇంటికి వచ్చి ఆ శభాష్ సంగతితో సహా అక్కకు చెప్పాను. అక్క బిడ్డకు గట్క తినిపిస్తోంది. చెయ్యి ఆగింది.

“నాకు సంతకం వస్తదానే, గుర్వీ?”



విచారణ రెండు నెలలకు పడింది. ఆ రెండు నెలలూ తలుపు గొళ్ళెం పెట్టి, పిండి పోసిన చాట మీద అక్క చేత రాయించాను. ఉన్ని వడికే వేళ్ళు కదురును తిప్పినట్టు పుల్లను తిప్పేవి. గో వచ్చేది, ప వచ్చేది, మ్మ దగ్గర గీత పక్కకు పోయేది. విసిగి తిట్టాను కూడా. మందబుద్ధి అన్నాను. నేను పలక పట్టిన రోజుల్లో అది ఎవరి గొర్రెలు కాసిందో ఆ కోపంలో నాకు గుర్తు రాలేదు.

విచారణనాటికి మూడు అమాసలు పోయాయి కాబట్టి పర్వతాలు ఆచారం అడ్డు పెట్టలేదు. పైగా నవ్వుముఖంతో వచ్చాడు. కచేరీలో ఒకే మాట అడిగాడు. సంతకం చేసిన ఆమె చేత మళ్ళీ ఒకసారి చేయించమన్నాడు. తహసీల్దారు తెల్ల కాగితం జరిపాడు. అక్క కలం పట్టుకుంది. పిండిలో పుల్లతో రాసినదానికి ఇనుప పాళీ కొత్త. గో అని పెట్టింది. ప పెట్టేసరికి కాగితం చిరిగింది. అక్కడ ఆగిపోయింది.

పర్వతాలు అప్పుడన్నాడు, “మా మరదలు మూడు అమాసలు గడప దాటలే సారూ. ఊరంతా సాక్ష్యం చెప్తది. నల్లగొండకు పోయింది దీని చెల్లె.”

అక్క కలం కింద పెట్టి అతని వైపు తిరిగింది.

“గడప దాటొద్దన్నది నువ్వే గద, బావా.”

ఆ మాటను కచేరీ గుమాస్తా రాసుకోలేదు. రాసుకోవలసినవి వేరే ఉన్నాయి. నోటరీ ముందర దొంగ ఒట్టు, ఒకరి పేరు మీద ఇంకొకరి సంతకం. తహసీల్దారు నాయిన వయసు చూసి, జైలుకు పంపకుండా వదులుతున్నాను, అదే పదివేలు అన్నాడు. చెలక పర్వతాలు పేరు మీదికి ఎక్కింది. నిజం చెప్పిన కాగితం అబద్ధమైంది, అబద్ధమాడినవాడు ఒక్క ఒట్టు కూడా పెట్టకుండా గెలిచాడు. నాయిన మాత్రం ఆ తర్వాత ఎవరికీ సాక్ష్యానికి పోలేదు. బిడ్డను బిడ్డ అన్నందుకు దొంగనయ్యానని పోయేదాకా అనుకున్నాడు.

అక్క ఆ చెలకలోనే తొమ్మిదేళ్ళు కూలికి కలుపు తీసింది. అరవై ఎనిమిదిలో చచ్చిపోయింది. నన్ను తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని, ఆ సుఖం నాకివ్వలేదు. ఒక్కసారి మాత్రం, జొన్న కోతలప్పుడు, నడుము పట్టుకుని లేస్తూ అన్నది, “ఏలు ఏసుంటే అయిపోవునే.”

వేలిముద్ర అయినా పట్టుకునేవాళ్ళని వాదించాను. ఇంటికి పోయేదాకా వాదించాను. అక్క సరే అన్నది.

అక్క పోయిన మరుసటి ఏడు వేరే పని మీద నల్లగొండ పోయి ఆ వకీలు గుమాస్తాను ఈ సంగతే అడిగాను. జుట్టు నెరిసింది, పని అదే. మూడెకరాల కోసం బొటనవేలి ముద్రలు పరీక్షకు పంపడం తన ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ చూడలేదన్నాడు.