అతుకు కనబడని పని

మా బావ గోడలకు రంగులు వేసే మేస్త్రీ. ఇంకొకడు వేసిన గోడను మెచ్చుకున్న పాపాన ఎన్నడూ పోలేదు.

పంటి వాపుకు యాంటీబయాటిక్ మొదలుపెట్టాడో లేదో, జ్వరం వచ్చి ఒళ్లు ఎర్రబడింది. మెడ మీదా చంకల్లోనూ ఆవగింజలంత చీముపొక్కులు కుప్పలుగా లేచాయి.

"చీము పట్టిందంటే మందు చాల్లేదన్నమాట," అంటూ మా అక్క ఇంకో మాత్ర మింగించింది. తెల్లారేసరికి పొక్కులు వీపంతా, చేతుల మీదా పాకాయి.

ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ మాత్రల అట్ట చూసింది. "ఇది ఇన్ఫెక్షన్ కాదమ్మా. ఈ మందే ఆయనకి పడలేదు. ఆపేయండి, మళ్లీ జన్మలో వాడొద్దు," అంది.

మందు ఆపాక జ్వరం దిగింది. పొక్కులు ఎండి, పైచర్మం పాత సున్నంలా పొట్టు పొట్టుగా రాలింది.

"ఇంట్లో కూడా గోకుడు పనేనా," అంది అక్క దుప్పటి దులుపుతూ.

బావ నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి, గోడను చూసినట్టే కన్ను చికిలించి, కొత్త చర్మం వచ్చిన చేతిని వెలుగుకు అటూ ఇటూ తిప్పాడు.

"ఒరేయ్, అతుకెక్కడుందో చూపించు," అన్నాడు నాతో.

వెతికాను. దొరకలేదు.

"ఎవడో గానీ," అన్నాడు మెల్లిగా, "మేస్త్రీ అంటే వాడురా."