తాటిబెల్లం పాకం, ఐరిష్ విస్కీ

ఫిల్మ్‌నగర్‌లో ఎర్రగడ్డ బస్సెక్కితే, పక్కసీటాయన కోపంతో ఊగిపోతున్నాడు. జూబ్లీహిల్స్‌లో ఒక బార్‌లో మందు కలిపే పని ఆయనది. విస్కీలో నిమ్మరసం, పంచదార పాకం కలిపే మామూలు విస్కీ సోర్‌నే తీసుకుని, ఐరిష్ విస్కీ పోసి, పంచదార పాకం బదులు తాటిబెల్లం పాకం వేసి కొత్త డ్రింకు తయారు చేశాడట. మెనూలో దాని కింద "సృష్టికర్త" అని ఓనరు పేరు అచ్చయిందట.

"ఐర్లండ్‌లోనే తాగినవాణ్ణి నేను," అన్నాను దర్జాగా. "పాతదాంట్లో బెల్లం మారిస్తే నీదెలా అవుతుందయ్యా?"

ఆయన కసిరాడు. "బెల్లమొక్కటేనా సార్? గీ విస్కీ మెత్తగుంటది. నిమ్మరసం ఎప్పటి లెక్కనే పోస్తే దాని రుచే సచ్చిపోతది. నెల దినాలు కలిపి పారబోసిన. గాయన ఒక్క గ్లాసన్న కడిగిండా?"

నిజానికి నేను ఐర్లండ్ మొహం చూడలేదు, ఆ విస్కీ వాసనా తెలియదు. తమిళ సినిమాల తెలుగు రీమేకులకు మాటలు రాశాను. తెరమీద "మాటలు" అన్నచోట మా గురువుగారి పేరు పడేది. రీమేకే కదా, మనదేముందని ముప్పై ఏళ్లు నవ్వేశాను.

"మీరేం జేస్తరు సార్?"

ఒక సినిమా పేరు చెప్పాను. ఆయన వెంటనే గురువుగారి పేరెత్తి, "గాయన రాసిండు గద?" అన్నాడు.

ఒళ్లు మండింది. "పేరే ఆయనది, రాసింది నేను!" అని లేచి అరిచాను. బస్సంతా తిరిగి చూసింది.

లేచి అరిచాననడమూ కోతే. కూర్చునే గొణిగాను.

"ఇనొస్తలేదు," అన్నాడాయన. "జర గట్టిగ జెప్పుండ్రి సార్."