బ్యాటరీ లేని కారులో ఇండికేటర్ చప్పుడు

ఇది కథ కాదు. మా పాప మీద ఒట్టేసి చెప్పమంటారేమో... వెయ్యను. తల్లిని కదా, ఆ ఒట్టు మాత్రం నా నోట రాదు. ఇంకేం అడిగినా సరే. ఆ రాత్రి ఇంట్లో మేలుకుని ఉన్నది నేను. విన్నది నేను. చూసింది నేను. నాలుగు నెలలైంది. ఇప్పటికీ తలుచుకుంటే చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

ముందు కారు గురించి చెప్పాలి. అది లేకపోతే ఈ రాత్రి నేను ఇలా కూర్చుని రాస్తూ ఉండేదాన్ని కాదు.

మా ఆయన కిరణ్‌కి పాత అమెరికన్ కార్లంటే పిచ్చి. మామూలు పిచ్చి కాదు. మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చి, క్లేటన్‌లో ఆరుగురు కలిసి ఒకే ఇంట్లో అద్దెకున్న రోజుల్లో, అర్ధరాత్రి దాకా రెస్టారెంట్లో అంట్లు తోమి వచ్చి, మంచం పక్కన గోడకి అంటించుకున్న ఒక కారు బొమ్మని చూసి పడుకునేవాడట. పెద్ద ఇంజిన్, పొడుగాటి ముక్కు, మడిచేసే గుడ్డ పైకప్పు. పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకున్నాక, పాప ఆద్యకి ఏడాది నిండిన నెలలో, అచ్చం ఆ బొమ్మలోని కారే మా గరాజ్‌లోకి వచ్చింది. అరవైల చివర్లో తయారైన కన్వర్టిబుల్. లేత నీలం. దాని పేరు చెప్పను. చెప్తే మెల్‌బోర్న్ తెలుగువాళ్ళు మా ఇల్లు ఇట్టే పట్టేస్తారు.

వాహన పూజ చేశాం. అత్తయ్య కాకినాడ నుంచి వీడియో కాల్‌లో చేయించారు. "పనిచేసే ప్రతిదానికీ బొట్టు పెట్టమ్మా, దేన్నీ వదలకు" అన్నారు. నేను పసుపు ముద్దలా కలిపి స్టీరింగ్‌కి, గేరుకి, బ్రేకుకి, అద్దాలకి, ఆఖరికి సీటు బెల్టు బకిల్స్‌కి కూడా పెట్టేశాను.

"ఇంజిన్ ఆయిల్లో కూడా కలుపుతావా ఏంటి?" అన్నాడు కిరణ్.

"అత్తయ్య కలపమంటే కలుపుతా. నోరు మూసుకుని కొబ్బరికాయ కొట్టు."

నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది ఆ కారు. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కదా, కుడివైపు సీట్లో నేను దర్జాగా కూర్చుని డబ్బాలోంచి పులిహోర తింటుంటే, సిగ్నల్ దగ్గర పక్క కార్లవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు... స్టీరింగ్ లేకుండా నడుపుతోందేంటి ఈవిడ అని! పైకప్పు మడిచి సముద్రం పక్కన వెళ్తే, ఆ ఇంజిన్ చప్పుడు చెవిలోకి కాదు, కడుపులోకి వెళ్తుంది. వెనక సీట్లో ఆద్య రెండు చేతులూ పైకెత్తి గాలిని పట్టుకునేది.

కానీ నాకు భయం ఎక్కువ. పాప పుట్టిననాటి నుంచీ అంతే. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మూడేళ్ళొచ్చినా గదిలో, పాప కదిలితే ఇవతల వినిపించే బేబీ మానిటర్ తియ్యలేదు. మైక్రోబయాలజీ చదివినదాన్ని, ప్రమాదం ఎక్కడ కనపడకుండా దాక్కుంటుందో వెతకడమే నా పని అనిపిస్తుంది. ఆ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. ముందు సీట్లకి నడుం మీదుగా వేసే బెల్టులే. గరాజ్‌కీ పాప గదికీ మధ్య ఒకే గోడ, పెట్రోలు వాసన... మూడు నెలలు పోరాను. అమ్మేయమన్నాను. కిరణ్ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. "సరే" అన్నాడంతే. ఆ సరేకి నాకు అన్నం సయించలేదు. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం పొద్దున పదింటికి బల్లారట్ నుంచి ఒకాయన వస్తున్నాడు, కొనడానికి.

శనివారం సాయంత్రం కిరణ్ కారుని కడిగి, తుడిచి, పైకప్పు మడిచి పెట్టాడు. పొద్దున ఒక్క తిప్పుకే స్టార్ట్ అవ్వాలని బ్యాటరీ ఊడదీసి, బల్ల మీద ఛార్జింగ్‌కి పెట్టాడు. గుర్తుంచుకోండి... బ్యాటరీ కారులో లేదు. పది అడుగుల అవతల, బల్ల మీద ఉంది.

రాత్రి ఒంటిగంట దాటింది. నాకు నిద్ర పట్టలేదు. హాల్లో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. పక్కన మానిటర్. దాంట్లో ఎప్పుడూ వచ్చే సన్నటి గాలి చప్పుడు.

టిక్...

గోడ గడియారం అనుకున్నాను. మా ఇంట్లో గోడ గడియారం లేదు.

టిక్... టిక్...

మానిటర్ చెవి దగ్గర పెట్టుకున్నాను. పాత లోహం మీద సన్నగా తట్టినట్టు. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. ఈ చప్పుడు నాకు తెలుసు... ఎక్కడ విన్నాను? మడతపెడుతున్న చిన్న గౌను చేతిలో అలాగే ఉండిపోయింది. కారు మలుపు తిరిగేటప్పుడు వచ్చే చప్పుడు. ఇండికేటర్.

పాప గదికి వెళ్ళాను. మంచం ఖాళీ.

ఆ క్షణం ఎలా ఉంటుందో తల్లులకి చెప్పక్కర్లేదు. మంచం కింద చూశాను. బీరువాలో చూశాను. బాత్రూంలో. తలుపుల దగ్గరికి పరిగెత్తాను. వీధి తలుపు వేసే ఉంది. పెరటి తలుపు వేసే ఉంది. వెనక నడవలోంచి గరాజ్‌లోకి వెళ్ళే తలుపు... ఓరగా తీసి ఉంది. దానికి పైన, నా తల కంటే ఎత్తులో, బోల్టు పెట్టించాను. ఆద్య కుర్చీ వేసుకున్నా అందదు. అక్కడ కుర్చీ కూడా లేదు.

తలుపు తోశాను.

చీకటి. చల్లగా ఉంది. చీకట్లో... ఒక చిన్న ఆకుపచ్చ వెలుగు. వెలిగింది. ఆరింది. వెలిగింది. ఆరింది. దాంతోపాటే టిక్... టిక్... డాష్‌బోర్డు మీది బాణం గుర్తు అది. ఆ వెలుగులో మా పాప ముఖం కనపడుతోంది. పోతోంది. కనపడుతోంది.

గోడ తడిమి లైటు వేశాను. చప్పుడు ఆగిపోయింది. పచ్చ వెలుగు లేదు. బల్ల మీద బ్యాటరీ అలాగే ఉంది. ఛార్జర్ మీద చిన్న దీపం, ఎర్రగా.

ఆద్య ముందు సీట్లో, కుడివైపు, నేను కూర్చునే చోట కూర్చుని ఉంది. బెల్టు పెట్టుకుని ఉంది. నా నడుముకి సరిపోయే బెల్టు... దాని పొట్టకి సరిపోయేలా బిగించి ఉంది.

"మమ్మీ," అంది మామూలుగా. "వి ఆర్ టర్నింగ్."

"ఎక్కడికి నాన్నా? ఎవరు తీసుకొచ్చారు నిన్ను?"

"జస్ట్ వెయిట్, మమ్మీ."

దాని తల తడిమాను. వెచ్చగా ఉంది. బెల్టు బటన్ నొక్కాను. రాలేదు. రెండు బొటనవేళ్ళతో నొక్కాను. కదల్లేదు. గట్టిగా అరిచాను. కిరణ్ నిద్ర కళ్ళతో, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? పాప ఇక్కడుందేంటి?"

"నువ్వే చెప్పాలి! బోల్టు వెయ్యలేదా?"

"వేశాను!"

"వేస్తే ఎగిరొచ్చిందా? ముందు ఈ దిక్కుమాలిన బెల్టు తియ్యి."

అతనూ నొక్కాడు. లాగాడు. కుదరలేదు. నేను ఆ కారుని తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఎప్పుడు పోతుందిరా బాబూ ఈ పీడ మా ఇంట్లోంచి అన్నాను... ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

"కత్తెర తెస్తా, కోసేద్దాం" అన్నాను.

"కొయ్యడమా? పొద్దున ఆయన వస్తున్నాడు కదా!"

"పిల్ల ముఖ్యమా, బెల్టు ముఖ్యమా?"

"పిల్ల హాయిగా కూర్చునుంది కదే. ఒక్క నిమిషం ఆగు. కంగారు పడకు."

నేను ఆగలేదు. తలుపు వైపు తిరిగాను. ఒక్క అడుగు వేశాను.

అప్పుడు వచ్చింది చప్పుడు.

గోడ అవతల నుంచి. ముందు ఏదో చిరిగినట్టు... పొడుగ్గా. తర్వాత ఇల్లు అదిరింది. బల్ల మీది స్పానర్లు గలగలమన్నాయి. తర్వాత ఏమీ లేదు. మానిటర్ హాల్లో గుర్రుమంటోంది, అంతే.

పాప గది తలుపు తెరిస్తే తెల్లటి పొగలా దుమ్ము. పైన సీలింగ్ లేదు. జిప్సం పలక మొత్తం, ఇంచుమించు గది అంత ముక్క, మంచం మీద పడి ఉంది. మంచానికి పక్కన పెట్టిన కర్ర కడ్డీలు విరిగిపోయాయి. తలగడ ఎక్కడుందో కూడా కనపడలేదు. కత్తెర గొడవ లేకుండా బెల్టు వెంటనే వచ్చేసి ఉంటే... నేను దాన్ని ఎత్తుకుని తెచ్చి అక్కడే పడుకోబెట్టేదాన్ని. పక్కన నేనూ పడుకునేదాన్ని. ఎప్పుడూ చేసేది అదే.

గోడ పట్టుకుని గరాజ్‌కి వచ్చేసరికి ఆద్య కిరణ్ భుజం మీద ఉంది.

"ఎలా తీశావు?"

"తియ్యలేదు" అన్నాడు. అతని పెదాలు తెల్లబడ్డాయి. "ముట్టుకున్నానంతే."

పొద్దున సీలింగ్ చూడటానికి ఒక కుర్రాడు వచ్చాడు. పలక పడిపోయే ముందు మేకులు ఒక్కొక్కటే వదులుతాయట, అప్పుడు టిక్కుటిక్కుమని వినపడుతుందట. అది విని నా ఒళ్ళు తేలికపడింది. తర్వాత కిరణ్ స్క్రూడ్రైవర్‌తో బకిల్ విప్పాడు. లోపల రెండేళ్ళ కిందటి పసుపు, ఎండి గడ్డకట్టి ఉంది. "ఇదిగో చూడు నీ దెయ్యం!" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాం. అత్తయ్యకి ఫోన్ చేసి చెప్తే, "నేను చెప్పలేదూ, దేన్నీ వదలొద్దని!" అన్నారు.

కానీ... మేకులు లెక్కపెట్టినట్టు అంత సమంగా ఊడతాయా? పచ్చ వెలుగు ఛార్జర్‌దేమో అంటాడు కిరణ్. బ్యాటరీ నిండితేనే అది పచ్చబడేది, నేను లైటు వేసినప్పుడు ఎర్రగా ఉంది. బోల్టు తనే మర్చిపోయానేమో అని ఒకరోజు అంటాడు, వేశానని మర్నాడు ఒట్టేస్తాడు. బెల్టు ఎవరు పెట్టారని ఆద్యని ఎన్నిసార్లు అడిగామో. బిస్కెట్ కావాలంటుంది.

పదింటికి బల్లారట్ ఆయన వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. నేనే బయటికి వెళ్ళాను, జుట్టులో దుమ్ముతోనే. క్షమించమన్నాను, అమ్మట్లేదని చెప్పాను. వెనకాల కిరణ్ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఆయన కోపగించుకుంటాడనుకున్నా. జరిగింది విన్నాడు. ఒకసారి ఇంజిన్ వినిపించమన్నాడు. కిరణ్ బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేస్తే, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "మీ స్థానంలో ఉంటే నేనూ అమ్మను" అని ఇంగ్లీషులో అని, పాపకి చెయ్యూపి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆద్య మా గదిలోనే పడుకుంటోంది. నా భయాలు పోలేదు. ముక్కు దగ్గర వేలు ఇంకా పెడుతూనే ఉన్నా. కానీ రోజూ పడుకునే ముందు ఒకసారి గరాజ్ తలుపు తీసి, చీకట్లోకి ఒక మాట చెప్పి వస్తాను. ఎవరికి చెప్తున్నానో తెలీదు. మేకులకో, పసుపుకో, దేవుడికో, ఆ సీట్లలో ఇదివరకు కూర్చున్న వాళ్ళెవరికో... మనిషో కాదో, ఆడో మగో, నాకంటే పెద్దో చిన్నో, ఏమీ తెలీదు.

అందుకే మర్యాదగా, "థాంక్సండీ" అంటాను.