బాపు చూడాల్సిన నూనె

"అన్నా, బాపు ఇగ లేడన్నా" అని ఆయన కోడలు ఫోన్ చేసినప్పుడు నేను చెరువు గట్టున, పడవ వెనకాల మోకాళ్ల మీద కూర్చుని గేరు నూనె దించుతున్నాను. పొద్దున టీ తాగి, పేపరు అడిగి, అది చేతికి అందేలోపే పోయారట. కింద పెట్టిన తెల్ల పళ్లెంలోకి నూనె సన్నగా జారుతూనే ఉంది. ఏటా ఆ నూనె దించగానే చూపించాల్సిన మనిషి ఆయనే. ముందు ఆ సంగతే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఉప్పుగూడలో ఆయనది మా పక్కిల్లు. అఫ్జల్‌గంజ్‌లో బేరింగులు, ఆయిల్ సీళ్ల దుకాణం, తాతల నాటిది. మాదేమో ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. గల్లీ అంతా బాపు అంటే మేమూ బాపు అన్నాం. ఆయనకు చెవులు సరిగా వినపడేవి కావు. ఏదైనా చెప్పాలంటే గొంతు చించుకోవాలి. లోకంలో అందరికీ చెవుడే అన్నట్టు ఆయన కూడా అరిచే మాట్లాడేవారు. అణకువ ఆయన దరిదాపుల్లో లేదు. "సీళ్ల ముచ్చట్ల హైద్రాబాద్ల నా అసొంటోడు ఇంకోడు లేడు" అని తనే చెప్పుకునేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

నేను ఆఫీసు ఉద్యోగం మానేసి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి షికారు పడవ కొన్నప్పుడు మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "పడవ తోలుకునేవాడికి పిల్లనెవరిస్తార్రా?" అంది. బాపు మాత్రం గోడ మీంచి పడవ గురించి అడుగుతూ ఉండేవారు. ఎన్నిసార్లు పిలిచినా ఎక్కేవారు కాదు. "నాకు ఈత రాదు. నూనె గురించి అడుగు, చెప్త. నీళ్ల జోలికి రాను."

మీలో చాలామంది ఔట్‌డ్రైవ్ చూసి ఉండరు. పడవ ఇంజను లోపల ఉంటుంది, పడవను నెట్టే ఫ్యానును తిప్పే గేర్ల పెట్టె వెనక నీళ్లలోకి వేలాడుతుంది. అదే ఔట్‌డ్రైవ్. మేం కాలు అంటాం. కాలు లోపల నూనె, బయట చెరువు, మధ్యలో కాపలాగా రబ్బరు సీలు. ఆ ఏడాది పతంగుల రోజులు దాటాక నూనె దించితే చాయ్ రంగులో వచ్చింది. నీళ్లు చొరబడ్డాయన్నమాట. కొత్త సీలు వేయించాను. వారం తిరక్కుండా మళ్లీ చాయే. వర్క్‌షాపు వాళ్లు కాలు మొత్తం మార్చాలన్నారు. అంత ఖర్చు నా వల్లయ్యేది కాదు. ఈలోపు చెరువులో షికార్లు చూసుకునే కమిటీ, శుక్రవారం అందరి ముందూ నడిపి చూపించకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామంది.

పడవ అమ్మేస్తానని గోడ దగ్గర నిలబడి బాపుతో అరిచి చెప్పాను.

"అమ్ముడు తర్వాత. పతంగి తెగితే ఏడ పడ్తదిరా?"

"చెరువులో కూడా పడుతుంది బాపూ."

"కాయితం నానిపోతది. మరి మాంజా?"

ఫ్యాను వెనక చుట్టుకుపోయిన నైలాన్ మాంజాను నేనే కత్తితో కోసి పారేశానని, దాంతో పీడ వదిలిందని చెప్పాను.

"పారేసినవ్. అది ఏం కొరికిపోయిందో చూసినవా?"

చూడలేదు. కొత్త సీలు వేశాం కదా అనుకున్నాను.

మర్నాడు కాలు కింది ముక్క విప్పి ఆటోలో బాపు ఇంటికి తెచ్చాను. ముందు నూనె చూడాలన్నారు. తెల్లటి దాంట్లో అయితేనే నీళ్లు తెలుస్తాయట. వంటింట్లోంచి తెల్ల ఎనామిల్ పూత, అంచుకు నీలిగీత ఉన్న తామ్‌చీనీ పళ్లెం పట్టుకొచ్చారు. ఆయన భార్యను మేం పెద్దమ్మ అంటాం. ఆవిడ గరిటతో సహా బయటికొచ్చింది. "అన్నం తినే పళ్లెంల నూనె పోస్తరా? అది మల్ల నా ఇంట్ల అడుగు పెట్టొద్దు!" బాపుకు వినపడలేదు, లేదా వినపడనట్టు ఊరుకున్నారు. అలా ఆ పళ్లెం నాకు దక్కింది.

లీకు ఎక్కడుందో తెలియాలంటే కాలును నీళ్లలో ముంచి లోపలికి గాలి కొట్టాలి. అంత పెద్ద గిన్నె ఎక్కడిది? వీధి చివర పెళ్లిళ్లకు వంట చేసే భాయ్ ఉన్నాడు. బాపు వెళ్లి అతని బిర్యానీ డేగ్, ఆ పెద్ద వంటపాత్ర, అడిగారు.

"బాపూ, ఇస్మే బిర్యానీ పకాతే! బోట్ నై!" అని భాయ్ లబోదిబోమన్నాడు.

"వండం భాయ్, తానం చేపిస్తం" అని బాపు తనే దాన్ని దొర్లించుకొచ్చారు.

సైకిల్ పంపుతో గాలి కొట్టడం నా వంతు. "మెల్లగరా! వేడి పాలు ఊదినట్టు కొట్టు. జోరుగ కొడితే మంచి సీలు గూడ చెడ్తది." గల్లీ జనమంతా డేగ్ చుట్టూ మూగారు. నీళ్లు కదలడం ఆగాక, ఫ్యాను ఇరుసు దగ్గర బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకొచ్చాయి. ఇంకెక్కడా లేవు. సీలు కొత్తది, అయినా అక్కడే లీకు! బాపు సీలు ఊడదీసి, ఇరుసు తుడిచి, నా బొటనవేలి గోరును దానిమీద మెల్లగా జరిపారు. ఒకచోట గోరు చిక్కుకుంది. మాంజా, ఇసుక కలిసి అక్కడ ఇనుమును గాడిగా అరగదీశాయి.

"గోరు ఆగిన కాడ నూనె ఆగదు బిడ్డా. ఎన్ని సీళ్లు మార్చినా అంతే."

గాడి మీద పల్చటి స్టీలు తొడుగు ఎక్కిస్తే సరిపోతుందన్నారు. కాలు మార్చక్కర్లేదు! ఆ మాట వినగానే నేను ఎగిరి గంతేశాను. ఆయన కసిరి కూర్చోబెట్టి, పేపరు పరిచి, మార్చాలని నేను వర్క్‌షాపులో రాయించుకున్న సామాన్లను మూడు కుప్పలుగా పెట్టారు. "ఇవి ఇప్పుడే మార్చాలె. ఇవి వానాకాలం దాటినంక. ఇగ ఇవి నీ భయం కొద్ది రాయించుకున్నవి, తీసెయ్." లోపలి రబ్బరు రింగులన్నీ మొదటి కుప్పలోనే పడ్డాయి. మళ్లీ విప్పే కూలి దండగ అన్నారు. "ఇంకోటి ఇను. విప్పినంక ఏదో ఒకటి నవ్వుకుంట బయటపడ్తది. దాని మందం పైసలు పక్కకు పెట్టు." నిజంగానే ఒక బేరింగు పాడై కనిపించింది. పక్కన పెట్టిన డబ్బు దానికి సరిపోయింది. తొడుగు ఆయన దుకాణంలోనే దొరికింది. దానికి మాత్రం పైసా తగ్గించలేదు. "చుట్టరికం గల్లీల, బేరం దుకాణంల" అన్నారు. బోణీ బేరం కదా అని వేడుకున్నా కరగలేదు, ముసలాయన!

శుక్రవారం గట్టున కమిటీ వాళ్లు, ఇంకో పదిమంది. మా అమ్మ కూడా వచ్చింది. "ఎవరైనా ఎక్కితే చూద్దాం" అన్నాడు కమిటీ పెద్ద. ఎవరూ కదల్లేదు. అప్పుడు తెల్ల లాల్చీ, పైజామాలో బాపు జనాన్ని తోసుకుంటూ వచ్చి పడవలో కాలు పెట్టారు.

"బాపూ, మీకు ఈత రాదు!"

"నువ్వు తోలు! నా సీలు మీద నాకు నమ్మకం ఉంది!"

రెండు చేతులా అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు. చెరువు సగం దాటాక ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోది. తిరిగొచ్చేటప్పుడు "ఇంకా గట్టిగ తోలురా, ఏంది ఎద్దుబండి లెక్క!" అని గట్టు మీది వాళ్లకు కూడా వినపడేలా కేకలు పెట్టారు. దిగగానే అందరి ముందూ పళ్లెంలోకి నూనె దించాం. ఆయన రెండు వేళ్లు ముంచి, బొటనవేలితో రుద్ది, ఎండకు పట్టి చూశారు.

"షాబాష్! తేనె రా, తేనె!"

ఈలలు, చప్పట్లు. చోటు నాదే అయింది. మా అమ్మ ఆ సాయంత్రం పక్కింటికి పులిహోర పంపింది. ఈరోజు నేను తినే తిండి, నా పిల్లల చదువు, అన్నీ ఆ కేక చలవే.

మొన్న ఫోన్ పెట్టేశాక ఆ పళ్లెం అలాగే రెండు చేతులా పట్టుకుని ఆటో ఎక్కాను. ఇంటి నిండా జనం. అందరి చేతుల్లో పూలదండలు, నా చేతిలో నూనె. గుమ్మం దగ్గర ఆగిపోయాను. పెద్దమ్మ తలెత్తి పళ్లెం వంక చూసింది.

"లోపలికి తే" అంది.

రెండు వేళ్లు ముంచింది. బొటనవేలితో రుద్ది, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది, అచ్చం ఆయనలాగే.

"మంచిగుంది బిడ్డా. నువ్వే చెప్పు. గట్టిగ చెప్పు, ఆయనకు ఇనవడదు."

నేను ఆయన చెవి దగ్గరికి వంగి, ఇల్లంతా ఉలిక్కిపడేలా అరిచాను.

"బాపూ! తేనె!"

పెద్దమ్మ ఆ పళ్లెం తీసుకుని ఆయన తల దగ్గర, దీపం పక్కన పెట్టింది. దీపం వెలుగు నూనెలో అడుగు దాకా దిగింది. పళ్లెం అడుగున పెచ్చు ఊడిన చిన్న మచ్చ కూడా స్పష్టంగా కనిపిస్తోంది.