నోట్ల వాసన చూసే లాంప్టే

మా లాంప్టే నోటును కళ్ళతో చూడడు, ముక్కుతో చూస్తాడు. ఆ ముక్కు కూడా సామాన్యమైంది కాదు. అది ఆఫీసులోకి వచ్చిన పది నిమిషాలకి లాంప్టే వచ్చేవాడు.

ఘానా రాజధాని అక్రాలో, నోట్లు అచ్చువేయించి దేశమంతా పంచే పెద్ద బ్యాంకులో మా ఇద్దరివీ పక్కపక్క బల్లలు. బ్రాంచీల నుంచి వాడిన నోట్ల కట్టలు మా దగ్గరికొచ్చేవి. గట్టివి మళ్ళీ జనంలోకి, నలిగినవి ముక్కలు చేసే మిషన్లోకి. ఏ బ్రాంచి నోట్లు ఎన్ని ముక్కలైతే ఆ బ్రాంచికి అన్ని కొత్తవి పంపాలి. మేమంతా నోటును వెలుగుకి పట్టి చూసేవాళ్ళం. లాంప్టే మాత్రం గట్టిగా పీల్చి కళ్ళు మూసుకునేవాడు. మా కాన్వెంటు సిస్టర్లు ప్రార్థనలో కూడా అంత భక్తిగా మూసేవారు కాదు.

"ఇది కుమాసీలో పాస్టరు గారి బీరువాలోది. కలరా ఉండల పక్కన పడుకుంది."

"మరి ఇదో?"

"గుడ్లమ్మే ఆవిడ రవికలోది. పాపం, ఆ రోజు బేరాల్లేవు."

బేరాల్లేవని వాసనకెలా తెలిసిందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మేనేజరు ఆంక్రా గారు ఒకసారి పరీక్షకని తన పర్సులోంచి నోటు తీసిచ్చారు.

"సార్, నిన్న మధ్యాహ్నం మూడు మొక్కజొన్న కెంకే ముద్దలు, పక్కన వేయించిన చేప. మేడమ్ గారు మిమ్మల్ని పథ్యంలో పెట్టారుగా?"

ఆంక్రా గారు నోటు లాక్కుని, గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు.

విమానంలో కొత్త నోట్ల పెట్టెలు దిగినప్పుడు మాత్రం లాంప్టే ముక్కు మూసుకునేవాడు. "ఉత్త సిరా కంపు. వీటికింకా లోకజ్ఞానం లేదు."

అన్నిటికన్నా అతనికి పడనిది చేప. "చేపా!" అని గావుకేక పెట్టి, పెళపెళలాడే నోటునైనా మిషన్లోకి తోసేవాడు. చోర్కోర్ బీచి బ్రాంచి కట్టలు సగం అలాగే పోయేవి. చివరికి ఆంక్రా గారికి మండింది.

"ఏవయ్యా, నోటు అచ్చుకి ఎంతవుతుందో తెలుసా? ఇంకొక్క చేప నోటు మిషన్లో పడిందంటే నిన్ను గేటు దగ్గర టోకెన్లివ్వడానికి పంపేస్తా!"

"ఒక్కసారి చోర్కోర్ దాకా రండి సార్. తర్వాత మీ ఇష్టం."

ముగ్గురం మినీబస్సెక్కాం. టికెట్టుకని లాంప్టే ఒక చోర్కోర్ నోటు మేనేజరు గారి చేత ఇప్పించాడు. కండక్టరు ముఖం చిట్లించాడు.

"చేప నోటా! ఇది తీసుకెళ్తే మా ఓనరు నన్ను పొయ్యి మీద ఎండబెడతాడు. దిగు పెద్దాయనా, దిగు!"

కిందకి దిగి ఇంకో నోటు తీసేలోపే బస్సు వెళ్ళిపోయింది. మేనేజరు గారు ఆ ఎండలో టైతో సహా రెండు మైళ్ళు నడిచారు.

బీచిలో డెడే అనే ముసలావిడ చేపలకి పొగ పెడుతోంది. ఆంక్రా గారు బస్సు సంగతి చెబితే పకపకా నవ్వింది.

"మా నోటు బస్సువాడూ తీసుకోడు, మందుల కొట్టువాడూ తీసుకోడు బాబూ. పోయినేడు మనవరాలికి జ్వరమొస్తే చేతినిండా డబ్బుండీ ఒక్క మాత్ర దొరకలేదు. ఈ మధ్యే మా బ్రాంచికి కొత్త నోట్లొస్తున్నాయి, ఏ పుణ్యాత్ముడి చలవో!"

పొగ చాటున నక్కిన లాంప్టే అప్పుడే ఆవిడ కంటబడ్డాడు.

"ఒరేయ్, నువ్వట్రా! మా పొయ్యిల దగ్గరే పెరిగాడు బాబూ వీడు. ఈ పొగకి ఏడేళ్ళకే ముక్కు చచ్చిపోయింది. కుళ్ళిన చేప పెట్టినా తెలీదు వెధవకి!"

నేను మళ్ళీ ఆ ముక్కు వైపు చూశాను.

"మరి నా కెంకేలు?" అన్నారు ఆంక్రా గారు.

"కొట్లో మీ వెనకాలే నుంచున్నాను సార్."

"మరి చేప నోట్లు?"

"కట్ట మీద బ్రాంచి పేరుంటుంది కదండీ."

మర్నాడు ఆంక్రా గారు రొంప పట్టి, ముక్కు దిబ్బడేసి ఆఫీసుకొచ్చారు. నేరుగా లాంప్టే బల్ల దగ్గర కూర్చుని, చోర్కోర్ కట్ట విప్పి, ఒక్కో నోటూ ముక్కుకి ఆనించుకున్నారు.

"చేప," అన్నారు. "చేప. ఇదీ చేపే."