అవ్వ చేతిలో గేరు రాడ్డు

బడికీ నాకూ ఏడో తరగతిలోనే చెడింది. లెక్కల సారు నన్ను రోజూ బయట నిలబెట్టేవాడు. బయట నిలబడితే రోడ్డు మీద పోయే బండ్లన్నీ కనిపించేవి. ఇక లోపలికి ఎందుకు పోతాను? అట్లా మా మామ జీపుకు క్లీనర్‌నై, మీసం సరిగా రాకముందే డ్రైవర్‌నయ్యాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. నాకివ్వడానికి ఆయనకు కూతురు లేదు కాబట్టి స్టీరింగ్ ఇచ్చాడు.

తొంభైలనాటి మాట ఇది. ఆ జీపు అప్పటికే ఏదో సర్కారు ఆఫీసులో అరిగిపోయి వేలానికి వచ్చిన బండి. నాలుగు చక్రాలూ లాగుతాయని మామ ఆళ్లగడ్డంతా చెప్పుకునేవాడు. నిజానికి లాగేవి వెనక రెండే. ముందు చక్రాలకు ఇంజను బలం అందించే షాఫ్టు ఒకటి ఉంటుంది. అది ఉంటే డీజిల్ ఎక్కువ తాగుతుందని ఆయన దాన్ని ఊడదీయించి ఇంట్లో మంచం కింద పెట్టాడు. చీరలు ఆరేసుకోవడానికి ఇమ్మని మా అత్త అడిగితే ఇవ్వలేదు. ఆ షాఫ్టుకు దక్కిన మర్యాద అదొక్కటే. హ్యాండ్ బ్రేకుకు ఆయన తువ్వాలు తగిలించుకునేవాడు. అంతకు మించి అది దేన్నీ పట్టుకుని ఎరగదు.

మేము తిరిగే దారి అహోబిలం వైపు పోయి నల్లమలలోకి మళ్లేది. వెదురు లారీల కోసం ఎప్పుడో కొట్టిన దారి అది, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. సాయంత్రం జనాన్ని ఎక్కించుకుని కొండ మీది గూడేనికి చేరాలి. రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారాక ఆళ్లగడ్డకు పోయే చెంచు కుటుంబాలనూ కూలివాళ్లనూ కిందికి దింపాలి. ఎక్కడానికి నాకెప్పుడూ భయం లేదు. ఎక్కేటప్పుడు బండి ఆగిపోతే ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు దాన్ని మనమే ఆపాలి.

ఎండాకాలం ఎట్లాగో దిగేవాణ్ణి. చలికాలం వస్తే మాత్రం ముందురోజు సాయంత్రం నుంచే నాకు అన్నం సయించేది కాదు. కార్తీకంలో పడిన వానలకు ఎర్రమట్టి నాని ఉండేది. దాని మీద రాలిన ఆకులు, ఆకుల మీద రాత్రంతా కురిసిన మంచు. సబ్బు రాసిన బండ మీద బిందె ఎట్లా జారుతుందో మా జీపు అట్లా జారేది, లోపల పది పన్నెండు మందిమి ఉండేవాళ్లం.

పొద్దున్నే ఇంజను పలికేది కాదు. గూడెంలో ఒక అవ్వ పొయ్యిలోంచి నిప్పులు అడిగి, పాత పెనంలో పోసి, ఇంజను అడుగున ఆయిల్ చాంబర్ కింద పెట్టేవాణ్ణి. పైన డీజిల్ చెమర్చే పైపు, కింద నిప్పులు, మధ్యలో నా తల. చుట్టూ చేరి చేతులు కాచుకునేవాళ్లతో, బండి పొదుగుతోంది, పిల్ల జీపు పుడితే మీకే ఇస్తానని చెప్పేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు. లోపల నేను మాత్రం ఇది ఇవాళ స్టార్టు కాకపోతే బాగుండునని దేవుడికి చెప్పుకునేవాణ్ణి. అయ్యేది. దేవుడు కూడా మామ వైపే.

నా భయానికి కారణం ఉంది. నేను క్లీనర్‌గా ఉన్న కాలంలో ఆ దారిలోనే ఒక వెదురు లారీకి బ్రేకులు పోయాయి. డ్రైవరు ఆ మాట గట్టిగా అరిచాడు. అరుపు విని పైన కూర్చున్న కూలీలు దూకారు. లారీ కొండకు ఒరుసుకుని నాలుగు మలుపుల తర్వాత ఆగింది. లోపల ఉన్నవాళ్లకు గీతలు పడ్డాయి. దూకినవాళ్లలో ఇద్దరు దాని వెనక చక్రాల కిందే పడ్డారు. వాళ్ల మీద కప్పిన దుప్పట్లను నేను చూశాను. డ్రైవరు ఒక పక్కన కూర్చుని, నేను అరవకుండా ఉండాల్సింది అని ఒకటే మాట అంటున్నాడు.

అందుకే ఒక చలికాలం మొదట్లో, ముందు షాఫ్టు బిగిద్దాం మామా అన్నాను. నాలుగు చక్రాలకూ గేరు పడితే ఇంజనే బండిని వెనక్కి పట్టి దించుతుందని, బ్రేకు మీద ఆధారపడే పని తగ్గుతుందని వివరంగా చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"ఇంత భయం పెట్టుకోని స్టీరింగ్ ఎందుకు పట్టుకుంటావ్ అల్లుడా. బర్రెలు తోలుకో. వాటికి బ్రేకులు ఉండవు, షాఫ్టులుండవు."

తర్వాతి వారం ఆయన ఎవరిదో పెళ్లికని మిడుతూరు పోయినప్పుడు మంచం కింద షాఫ్టు జీపులో వేసుకుని నంద్యాలకు పోయాను. అక్కడ మాకు తెలిసిన మెకానిక్ షెడ్డు ఉంది. మెకానిక్ షాఫ్టు బిగించాడు, కిందినుంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, అంతటితో అయిపోలేదన్నాడు. పెద్ద గేరు రాడ్డు పక్కన ముందు చక్రాలకు బలం కలిపే చిన్న రాడ్డు ఒకటి ఉంటుంది. లోపల దాని పళ్లు అరిగిపోయాయి. వేస్తే పడుతుంది కానీ నిలబడదు, దిగుడులో తనంతట తానే ఊడి వస్తుంది. ఆ మోడలు పళ్లు నంద్యాలలో దొరకవు.

"మరి ఏం జేయల్ల?" అన్నాను.

"ఎవురన్నా పట్టుకోని కూర్చోవల్ల. దిగేంతవరకూ."

మొదట సైకిలు ట్యూబుతో కట్టి చూశాను, రెండు గుంతలకే ఊడింది. తర్వాత నా పక్కన కూర్చున్న కూలివాళ్లకు అప్పగించాను. ఒకాయన బాగానే పట్టుకుని, నడి దిగుడులో బీడీ ముట్టించుకోవడానికి వదిలేశాడు. రాడ్డు టక్కున వెనక్కి వచ్చింది. బండి ఒక్కసారిగా తేలికై ముందుకు పరుగు తీసింది. బ్రేకు తొక్కితే వెనక భాగం లోయ వైపు తిరిగింది. ఎట్లాగో ఆగింది. ఆ బీడీ చాలా ఖరీదైనదన్నా అని చెప్పి నవ్వించాను కానీ, మళ్లీ ఆయన చేతికి రాడ్డు ఇవ్వలేదు.

ఆ తర్వాత ఆ పని నిప్పులిచ్చే అవ్వ తీసుకుంది. రోజూ తేనె, చీపుర్లు తెచ్చి ఆళ్లగడ్డలో అమ్మేది. సన్నగా, పొట్టిగా ఉండేది. చేతులు మాత్రం కొండలెక్కిన చేతులు. రాడ్డు ఎందుకు పట్టుకోవాలో నేను చెబితే, రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి, పొట్టకు ఆనించుకుని కూర్చుంది. కింద వాగు వచ్చేదాకా కదల్లేదు. దిగాక, నువ్వు దారంతా తమాషాలు చెబుతావే, అవి ఎందుకు చెబుతాండావో నాకు తెలుసులే మనవడా అంది. ఎందుకో చెప్పకుండానే చీపుర్ల కట్ట నెత్తికెత్తుకుని పోయింది.

ఆ చలికాలమే ఒక రోజు మంచు ఎంత ఉందంటే ముందు బానెట్టు తర్వాత ఏమీ లేదు. వెనక రెండు బల్లల మీదా జనం, వాళ్లలో చంటిపిల్లతో ఒక తల్లి. పక్కన అవ్వ. చిన్న రాడ్డు వేసి, కింది గేరులో దిగుతున్నాను. మొదటి మలుపు బాగానే దాటాం. రెండో మలుపుకు ముందు కింద ఏదో ఠప్పున విరిగింది. ఆ వెంటనే ఎవరో గడ్డపారతో నేలను బాదుతున్నట్టు బండి అడుగున నాలుగు దెబ్బలు. తర్వాత ఏదో ఊడి, రాళ్ల మీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు.

వెనక చక్రాలకు బలం అందించే షాఫ్టు విరిగిందని నాకు అర్థమైంది. బ్రేకు మీద కాలు వేశాను. పెడల్ మెత్తగా నేలకు పోయింది. ఊగిన షాఫ్టు బ్రేకు పైపును తెంపేసింది, నాలుగు చక్రాలకూ ఆ పైపు ఒక్కటే. వెనక చక్రాలకు ఇప్పుడు ఇంజనూ లేదు, బ్రేకూ లేదు. బండిని పట్టి ఉంచినవి ముందు చక్రాలు రెండే. వాటిని పట్టి ఉంచింది అవ్వ చేతిలోని రాడ్డు.

ఎడమ కాలు అలవాటుకొద్దీ క్లచ్ మీదికి పోబోయింది. తొక్కితే ఇంజను పట్టు కూడా పోతుంది. ఆ కాలును సీటు కిందికి మడిచి కుడికాలి వెనక ఇరికించాను.

"ఏందన్నా ఆ చప్పుడు?" వెనకనుంచి ఒకరు.

లారీ డ్రైవరు అరుపు గుర్తొచ్చింది. ఇప్పుడు ఒక్కరు భయపడి ముందుకు పడినా అవ్వ చెయ్యి జారుతుంది. ఆ తర్వాత దూకినవాళ్లూ ఉండరు, కూర్చున్నవాళ్లూ ఉండరు.

"మా మామ సొత్తు ఏదో పడిపోయింటాదిలే. వచ్చేటప్పుడు ఏరుకుందాం" అన్నాను.

నవ్వారు. అవ్వ నవ్వలేదు. నా వైపు తిరగకుండా, పెదాలు కదిలీ కదలనట్టు అడిగింది.

"బ్రేకు పోయిందా?"

"పోయిందవ్వా."

"నేను ఇడిసిపెడితే?"

"ఇడిసిపెట్టొద్దు."

అవ్వ రాడ్డు మీదికి ఇంకా వంగింది. తర్వాత, "నువ్వు మాట్లాడతా ఉండు, నిలపొద్దు" అంది.

మాట్లాడాను. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. లెక్కల సారు గురించి చెప్పాను, మా అత్త చీరల గురించి చెప్పాను, మామ మిడుతూరు పెళ్లిలో ఎన్ని లడ్డూలు తిన్నాడో లేనివి కల్పించి చెప్పాను. నోరు ఒక మనిషిది, చేతులు ఇంకో మనిషివి అన్నట్టు ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా ముందు చక్రాలు బురదలో జర్రున జారేవి, మళ్లీ ఏదో రాయి దొరికితే పట్టుకునేవి. ఆ మధ్యలో ఉండే క్షణంలో కూడా మాట సాగేది. వీలున్నచోట బండిని కొండ గోడకు ఆనించి, మడ్‌గార్డు రాయికి ఒరిసేట్టు పోనిచ్చాను. పెయింటు గోకడానికి మామ కూలి ఇచ్చినాడని చెప్పాను. రాడ్డు లోపలినుంచి తన్నుతోంది. తన్నినప్పుడల్లా అవ్వ మొత్తం శరీరం ఎగిరి పడుతోంది. ఆమె ముక్కుతో ఊపిరి పీల్చే చప్పుడు నాకు ఇంజను చప్పుడులో కూడా వినబడింది. పాప ఏడ్చింది. పాట పాడన్నా అని ఎవరో అడిగారు. నా పాట వింటే బండే దూకేస్తాదని చెప్పాను.

ఆఖరి దిగుడు తర్వాత వాగు ఉంది, వాగులో ఇసుక. రోడ్డు వదిలి నేరుగా ఇసుకలోకి పోనిచ్చాను. బండి నాలుగు బారలు లాగి, మూలిగి, ఇంజను ఆరిపోయి నిలబడింది.

అందరూ దిగారు. వేలాడుతున్న షాఫ్టును, దాని మీద నూనె మరకను చూశారు. పాప తల్లి కొంచెం దూరం పోయి మాకు వీపు పెట్టి కూర్చుంది. పాట అడిగిన మనిషే నా మీదికి వచ్చాడు.

"చెప్పింటే దూకేటోళ్లం గదా."

జవాబు అవ్వ చెప్పింది. "అందుకే చెప్పలే."

ఆమె ఇంకా సీట్లోనే ఉంది. వేళ్లు రాడ్డు చుట్టూ బిగుసుకుపోయాయి. నేను వంగి ఒక్కొక్క వేలే విడదీయాల్సి వచ్చింది. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని, ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అట్లాగే ఉండిపోయాం. ఏదైనా తమాషా చెబుదామని చూశాను. ఒక్కటీ రాలేదు.

కబురందుకుని మధ్యాహ్నం మామ ఇంకో బండి మీద వచ్చాడు. ఇసుకలో పడుకుని కిందంతా చూశాడు. ముందు షాఫ్టు ఎవురు బిగించమన్యారని అడిగాడు. నేనే బిగించమన్నానని చెప్పాను. ఆయన లేచి, ఒంటికి అంటిన ఇసుక దులుపుకోకుండా కొండ మీది దారిని చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తాడు తెచ్చి ఆ విరిగిన షాఫ్టును కట్టమన్నాడు.

నంద్యాలలో వెనక షాఫ్టు, బ్రేకు పైపు బాగుచేయించాం. చిన్న రాడ్డు పళ్లు మాత్రం ఆ చలికాలం దొరకలేదు. గూడెం జనం మళ్లీ ఎక్కారు, వాళ్లకు మాత్రం ఇంకో బండి ఎక్కడుంది? అవ్వ సాయంత్రాలు ఎక్కేది, పొద్దున్నే ఎక్కేది కాదు. భుజాన తేనె డబ్బా పెట్టుకుని చీకటితోనే నడిచి దిగేది. ఎంత బతిమాలినా వినలేదు.

"ఎక్కేదానికి నీ బండి చాలు మనవడా. దిగేదానికి నా కాళ్లుండాయి."

రాడ్డు పట్టుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. చివరికి మామే రాత్రి నాతో గూడెంలో పడుకుని, పొద్దున్నే నా పక్కన కూర్చున్నాడు. ఎక్కడ పట్టుకోవాలని అడిగాడు. చూపించాను. రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదటి మలుపు దగ్గర చక్రాలు కొంచెం జారాయి.

"మెల్లగా పోరా" అన్నాడు.

అంతకంటే మెల్లగా పోవడానికి ఆ బండిలో గేరు లేదు. ఆయన మోచెయ్యి నా మోకాలికి తగులుతోంది, వణుకుతోంది. అది రాడ్డు వణుకో మామ వణుకో నేను అడగలేదు. వెనక జనం మాటల్లో ఉన్నారు. మంచులో ముందేమీ కనిపించడం లేదు.