ఎనామిల్ ముగ్గు

మా డిజైన్ కాలేజీలో నా గదికి వచ్చిన ప్రతివాళ్లూ గోడ మీది ఫొటో చూసి ఆగుతారు. సిమెంటు వాకిట్లో గడప నుంచి వీధి దాకా పరుచుకున్న ఎర్రటి ముగ్గు, దాని పక్కన ఇబ్బందిగా నిలబడ్డ ఒకావిడ. చాలా బాగుందంటారు. బాగుండాలనే కదా నేను పట్టుబట్టి వేయించింది. ఈమధ్య ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటున్నాను.

ఆవిడ గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. వాళ్ల కాలనీలో ఆడవాళ్లు పెట్టే ముగ్గులతో మా విద్యార్థుల చేత ఒక కార్యక్రమం చేయించాను. కళతో ఊళ్లు బాగుపడతాయని మైకు ముందు మంచినీళ్లు తాగినంత తేలిగ్గా చెబుతాను నేను. చిక్కల్లా ఒకటే. నిధులిచ్చే పెద్దలు వచ్చేది మధ్యాహ్నం. పొద్దున పెట్టిన ముగ్గు అప్పటికి ఆటోల కిందా కోళ్ల కిందా పడి మిగలదు. ఎనామిల్ పెయింటుతో వేయిద్దామన్నది నేనే.

"మరి రేపొద్దున నేనేం పెట్టుకోవాలి మేడం?" అని అడిగిందావిడ.

"ఒక పని తగ్గిందిగా, హాయిగా పడుకోమ్మా" అన్నాను. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది.

పెద్దలు వచ్చారు, మెచ్చుకున్నారు, వెళ్లారు. మొన్న ఎండాకాలంలో ఆవిడ భర్త గుండెపోటుతో పోయాడు. కబురు తెలిసి మర్నాడు పలకరించడానికి వెళ్లాను. చావు జరిగిన ఇంటి ముందు పెద్దకర్మ అయ్యేదాకా ముగ్గు ఉండదు. నేను పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే, మా ఇంట్లోనూ అంతే. పెయింటు డబ్బాలు కొనేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు.

వాకిలంతా మిరపకాయల గోతాలు పరిచి ఉన్నాయి. ముగ్గు కనపడకుండా ఆవిడే పరిచిందట. ఆ ఘాటుకు పరామర్శకు వచ్చినవాళ్లు దగ్గుతున్నారు, తుమ్ముతున్నారు. ఒక గోతం అంచు పక్కకు జరిగి కింద ఎర్రటి మెలిక బయటపడింది. ఒంగోలు వైపు నుంచి వచ్చిన పెద్ద ఆడపడుచు దాన్ని చూసింది.

"మొగుడు పోయిన ఇంటి ముందు ఈ రంగులేంటే? నలుగురూ చూసి ఏమనుకుంటారు?"

నేను అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ ఇంటావిడ నావైపు చూడలేదు.

"నేనే ముచ్చటపడి వేయించుకున్నా వదినా. ఇట్టా అవుద్దని అప్పుడేం తెలుసు" అంది.

ముచ్చటపడింది నేను. ఆ మాట అక్కడే, ఆ నలుగురిలోనే చెప్పాల్సింది. గొంతు పెగల్లేదంటే అబద్ధమే. ఆ తిట్లు నా మీదికి మళ్లుతాయని నోరు మూసుకున్నాను. "మా తమ్ముడంటే నీకు అంతే లెక్కలే" అంటూ ఆడపడుచు ఇంకాసేపు దులిపింది. ఆవిడ తలొంచుకుని, వంగి గోతం సర్దింది. నాకు సిగ్గేసింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు థిన్నరు, గీకే రేకు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద కూర్చుని గీకాను. పెయింటు ఊడింది గానీ సిమెంటులోకి దిగిన ఎరుపు పోలేదు. ఆవిడ మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"వేయించింది నేనని మీ ఆడపడుచుతో చెబుతాను" అన్నాను.

"ఇప్పుడెక్కడ చెప్తారు మేడం" అంది, కోపం లేకుండానే. "వాళ్లు నిన్ననే బస్సెక్కారు. ఈ గడప ఇంక తొక్కేది లేదని చెప్పి మరీ వెళ్లారు."